తొమ్మిదో కల్వర్టు

పెనుకొండ ఊరు దాటి, రైలు కట్టకు అవతల, నలభై గడపల ఎరుకల కాలనీ ఉంది. ఎస్తేరు ఆ కాలనీకి కోడలై వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వచ్చిన కొత్తలో అత్త పక్కన కూర్చుని ఈత బరిగెలతో గంపలల్లింది. మండీల్లోకి ప్లాస్టిక్ ట్రేలు దిగాక గంపలడిగేవాళ్లు లేకపోయారు. అప్పటినుంచి పొద్దున్నే రైలెక్కి హిందూపురం పోయి స్లాబు పనుల్లో కాంక్రీటు మోసింది. మొదట్లో తలమీది బాండ్లీ తప్ప ఆమెకు మరేమీ తెలియదు. ఏడేళ్లకు, కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగే చప్పుడును బట్టి లోపల నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పగలిగింది. పదేళ్లకు పన్నెండు మంది ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి అయింది. హిందూపురం బిల్డర్లు ఆమెను పేరు పెట్టి పిలిచేవారు కాదు. పెనుకొండ గుంపు అనేవారు. ఆమెకు అందులో తప్పేమీ తోచలేదు.

ఆ చుట్టుపక్కల కొండల్లో ఎప్పుడో మూతపడ్డ బంగారు గనిని మళ్లీ తెరుస్తారన్న మాట చాలాకాలంగా నలుగుతోంది. ఆ ఏడు ఆ మాట రోడ్డు దాకా వచ్చింది. గని నుంచి హైవే వరకు పదహారు కిలోమీటర్ల రోడ్డు, దారిలో వంకల మీద తొమ్మిది కల్వర్టులు వేయాలన్నారు. రోడ్డు పోయే దారి పొడవునా సుగాలి తండాలు, ఎరుకల ఇళ్లు ఉన్నాయి కాబట్టి పనిలో కొంత భాగం గిరిజన సంఘాలకే ఇస్తారనీ, పనిముట్లు కొనుక్కోవడానికీ పని నేర్చుకోవడానికీ ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందనీ మండలాఫీసులో మీటింగు పెట్టి చెప్పారు. వచ్చినవాళ్లలో సగం మంది గ్రాంటంటే అప్పేనా అని అడిగారు. కాదని చెప్పినా నమ్మక లేచిపోయారు.

చివరిదాకా కూర్చున్నవాళ్లలో సుంకప్ప ఒకడు. అతను ఎస్తేరు భర్త మోహన్‌కు అన్న. కాలనీలో ఎవరికి రేషన్ కార్డు కావాలన్నా, పింఛను ఆగినా అతన్నే ముందు పెట్టుకుని పోతారు. అతను అధ్యక్షుడుగా ఇరవై ఒక్క మందితో సంఘం ఏర్పడింది. అందులో పదమూడు మంది ఆడవాళ్లు, దాదాపు అంతా ఎస్తేరు గుంపువాళ్లే. కుల ధ్రువపత్రాలు చూసే గుమాస్తా ఎస్తేరు కాగితం దగ్గర ఆగాడు.

"ఎస్తేరంటే చర్చి పేరు కదమ్మా. నీకు ఎస్టీ ఎట్ల వస్తాది?"

"మా నాయన చర్చికి పోతాండె సార్. దానికని ఎరుకలోడు కాకుండా పోతాడా?"

గుమాస్తా లోపలికి పోయి పెద్దాయన్ను అడిగి వచ్చాడు. ఎస్టీకి మతంతో పనిలేదంట అని చెప్పి ముద్ర వేశాడు.

వారం తిరక్కుండానే బసవరాజు కాలనీకి కారులో వచ్చాడు. రోడ్డు పని మొత్తం పట్టుకున్న పెద్ద కాంట్రాక్టరుకు అతను మేనేజరు. ఊరు హిందూపురం పక్కన, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. సుంకప్ప ఇంటిముందు కుర్చీ వేయించుకుని సంగతి తేల్చి చెప్పాడు.

"మీరేమీ కష్టపడొద్దప్పా. సంతకాలు పెట్టండి. గ్రాంటులో వచ్చే మిషన్లు మీ పేరుమీదనే ఉంటాయి. పని మావాళ్లు చేసుకుంటారు. మీ పాలు మీకు దుడ్లు ఇంటికే వస్తాయి."

సుంకప్పకు ఆ మాట నచ్చింది. మిగతా మగవాళ్లూ తలలూపారు. గోడకానుకుని నిలబడ్డ ఎస్తేరు అడిగింది.

"అట్లయితే కల్వర్టు ఎవురు కట్టినట్లు సార్?"

"మీరే కట్టినట్లు."

"మేము మట్టి ముట్టుకోకుండానే?"

బసవరాజు నవ్వాడు. "కాగితంలో అట్లనే ఉంటాదమ్మా."

"కట్టేది మాకొచ్చు సార్. ఇన్నాళ్లూ ఊర్లోళ్ల ఇండ్లన్నీ కడతానే ఉండాము. మా పేరుతో ఎవురూ పని ఇయ్యలేదు, అంతే."

ఆడవాళ్లు ఎస్తేరు వైపే నిలబడటంతో సుంకప్ప కాదనలేకపోయాడు. హైవేకి దగ్గరగా ఉన్న మూడు కల్వర్టులు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, సంఘానికి రాశారు. సిమెంటు, కమ్మి పెద్ద కాంట్రాక్టరు గోడౌను నుంచి వస్తాయి. పని సంఘానిది. ప్రభుత్వం తరఫున అమృత అనే అసిస్టెంటు ఇంజనీరు చూసుకుంటుంది.

గ్రాంటు కింద మిల్లరు, వైబ్రేటరు, సెంట్రింగు రేకులు వచ్చాయి. ధర్మవరంలో పది రోజుల శిక్షణ జరిగింది. డ్రాయింగు చదవడం, కమ్మికీ సెంట్రింగుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో చూడటం, కాంక్రీటును దిమ్మలుగా పోసి పరీక్షకు పంపడం నేర్పారు. ఆ దిమ్మలను క్యూబులంటారు. ఒకరోజు సిమెంటు బస్తాల మీద అచ్చువేసిన అంకెల గురించి చెప్పారు. ఆ రోజు ఎస్తేరు లేదు. సెంట్రింగు రేకులు దించుకోవడానికి పెనుకొండ పోయింది. పెద్దక్క ఉంది గానీ కళ్లద్దాలు మరిచిపోయి వచ్చింది. పెద్దక్క ఆ గుంపులో అందరికంటే పెద్దది, ఎస్తేరుకు పని నేర్పింది కూడా ఆమే.

తొమ్మిదో కల్వర్టుతో మొదలుపెట్టారు. వానలు వెనకబట్టాక వంకలో పునాది తవ్వారు. క్రిస్మస్ లోపల రెండు వైపులా గోడలు లేచాయి. జనవరి అంతా సెంట్రింగు కొట్టడం, కమ్మి కట్టడం. ఎస్తేరు హిందూపురంలో వందల స్లాబులు చూసింది. ఎన్నడూ పని పూర్తయిన ఇంట్లోకి మళ్లీ అడుగుపెట్టింది లేదు. ఇది అట్లా కాదు. ఎవరూ తలుపు వేసుకోని కట్టడం ఇది. పొద్దున అందరికంటే ముందు వచ్చి, కమ్మి మీద పడిన ఎండుటాకులు ఏరేసేది. మోహన్ చూసి ఒకసారి నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో స్లాబు పోసే రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం గోడౌను నుంచి అరవై బస్తాల సిమెంటు దిగింది. పొద్దున అమృత వచ్చి కమ్మి అంతా కొలిచి చూసి, బాగుందని రాసి, మధ్యాహ్నం క్యూబులు పోసేటప్పటికి వస్తానని ఇంకో పని దగ్గరికి పోయింది. మోహన్ మిల్లరు తిప్పాడు. పెద్దక్క బస్తాలు కోసి కుమ్మరిస్తోంది. ఇరవయ్యో బస్తా దగ్గర ఆగింది.

"మేయ్ ఎస్తేరూ, దీంట్ల ఉండలుండాయి చూడు."

ఎస్తేరు వచ్చి ఒక ఉండను వేళ్లతో నలిపింది. నలిగింది. ఇంకోదాన్ని నలిపింది. నలగలేదు. మిల్లరు తిరుగుతూనే ఉంది. ఇప్పటికే మూడోవంతు స్లాబు పడింది. మధ్యలో ఆపితే పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు పడుతుంది. తెల్లారితే సగం గుంపు పెళ్లికి పోవాలి. ఇవన్నీ ఆమె తలలో ఒక్కసారిగా తిరిగాయి.

"పెద్దవి ఏరి పారెయ్యి. చిన్నవి నలిపి పొయ్యి," అంది.

సాయంత్రానికి స్లాబు పూర్తయింది. అమృత ఆరు క్యూబులు పోయించి, వాటి మీద తేదీ గీయించి వెళ్లింది. సుంకప్ప ఫోనులో ఫోటోలు తీసి బంధువులందరికీ పంపాడు. ఆ రోజు అతను కల్వర్టు అంచున నిలబడి, ఇది మాది అని దారిన పోయేవాళ్లకు చెప్పడం ఎస్తేరు విన్నది. బావ నోట ఆ మాట రావడం ఆమెకు సంతోషమనిపించింది.

క్యూబుల్లో మూడింటిని ఏడో రోజున హిందూపురం ల్యాబులో నొక్కి చూశారు. ఫలితం పట్టుకుని కాంట్రాక్టరు సైటు ఇంజనీరు క్రాంతి కుమార్ బైకు మీద వచ్చాడు. పాతికేళ్ల పిల్లవాడు, అనంతపురం వాడు. ఆడవాళ్లందరినీ అక్కా అనే పిలిచేవాడు. ఎస్తేరు స్లాబు మీద నీళ్లు పట్టిస్తోంది. ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏడు రోజులకు బలం పదహారు పైన రావాలక్కా. తొమ్మిదిన్నరే వచ్చింది."

"పెరగదా సార్ ఇంగ?"

"పెరుగుతాది. చాలినంత పెరగదు." అతను నేలమీద చూపు పెట్టి చెప్పాడు. "ఇరవై ఎనిమిదో రోజు టెస్టే ఫైనల్. నీళ్ల తొట్టిలో ఇంకా మూడు క్యూబులున్నాయి కదా. వాటికి బదులుగా కొత్త సిమెంటుతో మూడు పోసి అవే పంపిద్దాం. మేనేజర్ సారు మీకు చెప్పమన్నారు. మీరు ఊరికే ఉంటే చాలు."

ఎస్తేరు చేతిలోని నీళ్ల పైపు అలాగే కారుతోంది. "ఎందుకు తక్కువొచ్చింది?" అని అడిగింది.

అతను ఖాళీ బస్తాలు ఎక్కడున్నాయని అడిగాడు. వంక గట్టున కుప్పగా ఉన్నవాటిలోంచి ఒకటి తీసి, మడత విప్పి, మూల మీద వేలు పెట్టి చూపించాడు. వారం ఇరవై ఏడు అని ఉంది. పక్కన పోయిన సంవత్సరం అంకె.

"ఇరవై ఏడో వారమంటే జూలై మొదట్లో. ఫ్యాక్టరీలో ఆ వారం తయారైందని అర్థం. మూడు నెలలు దాటితే టెస్టు చెయ్యకుండా వాడకూడదు. ఇది వానకాలమంతా గోడౌన్‌లోనే ఉండాది."

ఎస్తేరు వేళ్లమీద నెలలు మడిచింది. ఏడు.

"నీకు ముందే తెల్సునా సార్?"

"లోడు పంపిన రోజు నేను సెలవులో ఉన్నాక్కా."

అది నిజమో కాదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. వెళ్లేముందు అతను మాత్రం ఒక మాటన్నాడు. "ఈ సంచులు పాత సామాన్ల వాళ్లకు అమ్మొద్దక్కా. ఉంచుకోండి."

ఆ సాయంత్రం సుంకప్ప ఇంటిముందు అందరూ కూడారు. క్రాంతి కుమార్ చెప్పింది ఎస్తేరు ఉన్నదున్నట్టు చెప్పింది. సుంకప్ప ముందే విన్నట్టున్నాడు. తొణకలేదు.

"వాళ్ల సిమెంటు. వాళ్ల గోడౌను. ఇప్పుడు క్యూబులు మార్చుకుంటామంటాండేది కూడా వాళ్లే. మనకేం నొప్పి?" అన్నాడు. "స్లాబు పగలగొట్టమంటే నెలా రెండు నెలలు పోతాది. గ్రాంటు రెండో విడత ఆగిపోతాది. తక్కిన రెండు కల్వర్టులు ఇంగొకరికి ఇచ్చేస్తారు. ఎరుకలోళ్లకు పని చేతకాలేదని రాసేస్తారు. అదేనా నీకు కావాల్సింది?"

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదని ఎస్తేరుకు తెలుసు. "ఉండలు నేను చూసినా బావా," అంది.

సుంకప్ప తలెత్తి ఆమె వైపు చూశాడు.

"పెద్దక్క చూపించింది. నలిపినా. నలగలేదు. అయినా పొయ్యమన్నా. పని ఆపితే అతుకు పడతాదని, తెల్లారితే మనుషులుండరని. సిమెంటు వాళ్లదే. పోసింది నేను."

"కూలిపోతాదా మే?" అని పెద్దక్క అడిగింది.

"ఏమో పెద్దక్కా. కూలకపోవచ్చు. ఇరవై ఏండ్లు నిలబడొచ్చు. రెండేండ్లకే పగలొచ్చు. దాని మీద రాళ్ల టిప్పర్లు పోతాయి. మన పిల్లోళ్ల ఇస్కూలు బస్సూ పోతాది."

"అందరికీ జరిగేదే మనకూ జరగతాది. లోకంలో అన్ని కల్వర్టులూ సక్కంగనే ఉండాయా?" అన్నాడు సుంకప్ప.

ఎస్తేరుకు తాత గుర్తొచ్చాడు. ఆయన పిల్లవాడుగా ఉన్న రోజుల్లో, తెల్లదొరల చట్టం ఎరుకలవాళ్లను పుట్టుదొంగలని రాసిపెట్టింది. పొద్దుగూకితే మగవాళ్లంతా రెడ్డిగారి అరుగు ముందు వరుసగా నిలబడి హాజరు చెప్పుకోవాలి. దేశానికి స్వతంత్రం వచ్చి ఆ చట్టం పోయింది. కానీ ఊళ్లో మేక పోయినా, మోటారు వైరు పోయినా, పోలీసులు మొదట వచ్చేది ఎరుకల ఇళ్లకే. ఆమె పదేళ్లప్పుడు కూడా ఒకసారి వచ్చారు. నాయనను తీసుకుపోయి రెండు రోజుల తర్వాత పంపించారు. మేక చెరువు అవతల దొరికిందని ఎవరో వచ్చి చెప్పారు, అంతే. ఇవేవీ ఆమె అక్కడ చెప్పలేదు. కాలనీలో ఎవరింటి కథ చూసినా అదే కాబట్టి చెప్పవలసిన అవసరం లేదు.

"ఆ కల్వర్టు పగిలితే సిమెంటు యాడిదని ఎవురూ అడగరు బావా. ఎవురు కట్టినారనే అడుగుతారు," అంది.

సుంకప్ప లేచి తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు. మీటింగు ఏ తీర్మానమూ లేకుండానే ముగిసింది.

మరుసటి రోజు ఆదివారం. ఎస్తేరు చర్చికి పోయి వచ్చి, వంట చేసి, అందరూ తిన్నాక అమృతకు ఫోను చేసింది. "మేడమ్, క్యూబుల సంగతి విడిచిపెట్టండి. స్లాబునే టెస్టు చెయ్యండి. బస్తాలు చూపిస్తా," అంది. మోహన్ పక్కనే ఉన్నాడు. మిల్లరుకు గ్రీజు తెస్తానని బజారుకు పోయాడు.

అమృత సోమవారం వచ్చింది. చేతి సుత్తిలాంటి పరికరంతో స్లాబు మీద ముప్పై చోట్ల నొక్కి, అంకెలు రాసుకుంది. ఆపైన ఖాళీ సంచులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. అరవైలో యాభై రెండు పాతవి. ఆమె సంచుల కుప్ప పక్కన గట్టు మీదే కూర్చుంది.

"ఆ రోజు పొద్దున నేను బస్తాలు కూడా చూడాల్సింది. కమ్మి చూసి వెళ్లిపోయాను," అంది.

ఆ మాటను ఆమె రిపోర్టులో కూడా రాసింది. దానికి ఆమెకు పైనుంచి మెమో వచ్చిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. పాత సిమెంటు ఇచ్చినందుకు కొత్త బస్తాలు కాంట్రాక్టరు ఇవ్వాలనీ, స్లాబు తీసేసి మళ్లీ పోసే కూలి సంఘమే భరించాలనీ ఉత్తర్వు వచ్చింది. గోడలు బాగున్నాయి. మిషనుతో కొడితే గోడలు అదురుతాయి కాబట్టి చేత్తోనే పగలగొట్టమన్నారు.

ఇరవై ఒక్క మందిలో తొమ్మిది మంది వచ్చారు. సుంకప్ప రాలేదు. ధర్మవరంలో కూతురింటికి పోయాడని చెప్పారు. సమ్మెటలు, ఉలులు పట్టుకుని అంచు నుంచి మొదలుపెట్టారు. మొదటి రోజు పొద్దుగూకేసరికి మంచమంత జాగా కూడా ఊడలేదు.

"ఇంత గట్టిగా ఉండాదే. ఇదేనా చాల్లేదన్నారు?" అని పెద్దక్క నడుము పట్టుకుని అడిగింది.

ఎస్తేరుకూ అదే అనుమానం వచ్చింది. మూడో రోజు సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చి మోకాలికి తగిలింది. కుంటుతూ పక్కకు పోయి కూర్చుంది. ల్యాబువాళ్లే తప్పు చేశారేమో, తాను తొందరపడి నలుగురి నోటికాడ కూడు తీసేసిందేమో అనుకుంది. ఆ రోజు మళ్లీ సమ్మెట పట్టలేదు. నాలుగో రోజు మధ్య భాగానికి వచ్చారు. అక్కడ ఉలి దించితే దిగిపోయింది. ఒక పెళ్ల ఊడి ఎస్తేరు చేతిలోకి వచ్చింది. గుప్పిట్లో బిగిస్తే పొడిగా రాలింది, జల్లి రాళ్లు మాత్రం చేతిలో మిగిలాయి. దాన్ని పెద్దక్కకు చూపించింది. పెద్దక్క చూసి, తన పెళ్లను తాను కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత వాళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు.

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. పక్కన వంకలోంచి మట్టి దారి వేశారు. అన్ని బండ్లూ దుమ్ము రేపుకుంటూ అందులోంచే దిగి ఎక్కాల్సి వచ్చింది. ఒకాయన బైకు ఆపి, "ఏమ్మా, కట్టింది మీరే, పగలగొట్టేదీ మీరేనా?" అని అడిగాడు.

"ఔనప్పా. మేమే," అంది ఎస్తేరు, తల ఎత్తకుండా.

అతను బైకు తీసుకుని పోయాడు.

ఎనిమిదో రోజు గని దగ్గర ఏదో ప్రారంభోత్సవం జరిగింది. పెద్దల కార్లు ఇరవైకి పైగా వచ్చాయి. అన్నీ వంకలో దిగి, ఎగిరెగిరి పడుతూ అవతలికెక్కాయి. ముందు కారులోంచి ఎవరో అద్దం దించి కల్వర్టు వైపు చూసి మళ్లీ ఎత్తుకున్నారు. ఆ సాయంత్రం బసవరాజు వచ్చి క్రాంతి కుమార్‌ను అందరి ముందూ కన్నడంలో తిట్టాడు. సంచుల మీది అంకెలు ఎవరు చెప్పారన్నదే అతని కోపం. క్రాంతి కుమార్ మొహం ఎర్రబడింది. ఎస్తేరు సమ్మెట దించి వాళ్ల దగ్గరికి నడిచింది.

"మాకు ధర్మవరం ట్రైనింగులో చెప్పినారు సార్. బస్తా నంబర్లు చూడాలని," అంది.

అది పూర్తిగా అబద్ధం కాదు. బసవరాజు ఆమెను ఎగాదిగా చూసి కారెక్కాడు. నెల తిరక్కుండానే క్రాంతి కుమార్‌ను కర్ణాటకలో ఇంకో రోడ్డుకు మార్చారు. పోయేటప్పుడు కాలనీకి వచ్చి ఎస్తేరు ఇంట్లో టీ తాగాడు. కల్వర్టు గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని చెప్పాడు.

తొమ్మిది రోజులకు స్లాబంతా ఊడింది. కమ్మిని తుడిచి, వంగినవి సరిచేసి, రెండు వారాల్లో మళ్లీ సెంట్రింగు సిద్ధం చేశారు. మార్చి ఎండలు అప్పటికే మండుతున్నాయి. అందుకని వెలుగు రాగానే పోయడం మొదలుపెట్టారు. కొత్త బస్తాలు దించేటప్పుడు ఎస్తేరు లారీ పక్కన నిలబడి ఒక్కొక్క బస్తా మీది అంకె చదివింది. పెద్దక్క కళ్లద్దాలు తెచ్చుకుని రెండోసారి చదివింది. తడిసిన బస్తాలు రెండు లారీలోనే ఉంచేశారు. డ్రైవరు విసుక్కున్నాడు. అమృత ఆ రోజు ఎక్కడికీ పోలేదు. మొదటి తట్ట నుంచి చివరి తట్ట దాకా తలకు గుడ్డ చుట్టుకుని ఎండలోనే నిలబడింది.

ఏడో రోజు క్యూబులు పద్దెనిమిది చూపించాయి. ఇరవై ఎనిమిదో రోజు ఇరవై తొమ్మిది. ఇరవై అయిదు చాలు. ఆ కాగితాన్ని అమృత ఎస్తేరు చేతికే ఇచ్చింది. ఎస్తేరు దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఆమెకు పెద్దగా సంతోషమేమీ కలగలేదు. చాలా రోజులు మోసిన బరువు దించినప్పుడు మెడ ఎలా ఉంటుందో అలా ఉంది. నొప్పి తగ్గడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

సుంకప్ప చెప్పినవి చాలావరకు జరిగాయి. ఆలస్యమైందని ఏడో కల్వర్టును వేరేవాళ్లకు ఇచ్చేశారు. గ్రాంటు రెండో విడత వేసవి దాటాక గానీ రాలేదు. ఆరుగురు సంఘం వదిలి హిందూపురం పనులకు పోయారు. వాళ్లలో ఇద్దరు ఎస్తేరుతో మాటలు మానేశారు. దారిలో ఎదురైతే తల తిప్పుకుని పోయేవారు. రోడ్డు మొదట్లో పెట్టిన పెద్ద బోర్డు మీద కాంట్రాక్టరు పేరు ఉంది. సంఘం పేరు లేదు. అడిగితే, పెట్టే రూలు లేదన్నారు.

గని పని ఇంకా పూర్తిగా మొదలవలేదు. రోజుకు పది పదిహేను టిప్పర్లు మాత్రం తిరుగుతున్నాయి. స్కూలు బస్సు తిరుగుతోంది. సంతకు పోయే ఆటోలు, వేరుశనగ బస్తాల ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కల్వర్టు వచ్చిందని కూడా తెలియకుండా దాటిపోతాయి. కల్వర్టు బాగుందంటే అంతేనని అమృత ఒకసారి అంది.

వచ్చే ఏడాది గ్రాంటుకు దరఖాస్తు పెట్టడానికి ఎస్తేరు, పెద్దక్క మండలాఫీసుకు పోయారు. అదే గుమాస్తా. సంఘం ఇదివరకు పూర్తిచేసిన పనులెన్ని అని అడిగాడు.

"ఒక కల్వర్టు. రెండుసార్లు కట్టినాము," అంది పెద్దక్క.

"అట్ల రాయకూడదమ్మా. ఒకటే రాయాల," అని ఒకటి రాసుకున్నాడు.

ఎనిమిదో కల్వర్టు పని ఆ కార్తీకంలో, వంకలో నీళ్లు ఇంకాక మొదలైంది. పునాదికి ముగ్గు పోయడానికి ఎస్తేరు, మోహన్ ముందుగా పోయారు. మేకులు పాతుతుండగా ఆటో ఒకటి వచ్చి ఆగింది. సుంకప్ప దిగాడు. తొమ్మిది నెలలుగా అతను ఎస్తేరుతో నేరుగా మాట్లాడలేదు. చెప్పదలచుకున్నది మోహన్‌తో చెప్పేవాడు. ఆటోవాణ్ణి పంపించేసి, చెప్పులు గట్టు మీద విడిచి, పంచె ఎగ్గట్టుకుని వంకలోకి దిగాడు. పాతిన మేకుల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇది దానికంటే వెడల్పుగా ఉండాదే," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"ఔ బావా. ఒక మీటరు ఎక్కువ," అంది ఎస్తేరు.

"మనుషులు చాల్తారా?"

"పదైదు మందిమి ఉండాము."

సుంకప్ప లోలోపల లెక్క వేసుకుంటున్నట్టు తల ఊపాడు. పోయినోళ్లలో ముగ్గురు తిరిగొస్తామంటున్నారని, పిలిస్తే వస్తారని చెప్పాడు. ఎస్తేరు పిలవమంది. దారం ఉండ విప్పి ఒక కొస అతనికి అందించింది. అతను దాన్ని అవతలి మేకు దగ్గరికి తీసుకుపోయి, వంగి, బిగించి పట్టుకున్నాడు.